వెనక రెక్క మీది చుక్క

మా ఆయన ఫోటో తీస్తే ఆ ముఖం మీద మచ్చ అనేది ఉండదు. మొటిమ, గాటు, అమ్మవారు పోసిన గుర్తు, చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలిన మరక, ఏదైనా సరే, స్టూడియో మెట్లు ఎక్కేటప్పుడు ఉంటుంది, ఫోటో కవరులో పెట్టి ఇచ్చేటప్పుడు ఉండదు. చోడవరం బస్టాండులో దిగి మా వీధిలోకి వచ్చే పెళ్ళికూతుళ్ళ తల్లులు అందుకే ఇంకో స్టూడియో గడప తొక్కరు. "గౌరీశంకర్ గారు తీస్తే మా గుంట సినిమా యాక్టరులా ఉంటాది" అంటారు. ఉంటుంది, కాదనను. వాళ్ళ అమ్మాయిలా మాత్రం ఉండదు.

నా సంగతే చెబుతాను. నా పై పెదవికి కాస్త పైన, ఎడమవైపు, పెసరగింజంత పుట్టుమచ్చ ఉంది. పెళ్ళికి ముందు మా నాన్న నన్ను ఇదే స్టూడియోకి తీసుకొచ్చి ఫోటో తీయించాడు. దాన్ని గోవాడ వైపు సంబంధం వాళ్ళకి పంపాడు. వాళ్ళు వచ్చి నన్ను చూశారు, ఫోటో చూశారు, మళ్ళీ నన్ను చూశారు. "ఫోటోలో గుంట ఏరు, ఈ గుంట ఏరు. అక్కని సూపించి సెల్లిని అంటగడతన్నారేటి?" అని కాఫీ అయినా ముట్టుకోకుండా లేచిపోయారు. నాకు అక్కే లేదు. మా నాన్న మండిపడుతూ స్టూడియో మీదికి దెబ్బలాటకి వెళ్ళాడు. ఆ దెబ్బలాట ఎటు తిరిగి ఎటు వచ్చిందో ఏమో, మరుసటి ముహూర్తాలకి ఆ ఫోటోగ్రాఫరే నా మొగుడై కూర్చున్నాడు.

మా పెళ్ళిఫోటోలో కూడా నాకు మచ్చ లేదు. ఆ రోజుల్లో సన్న కుంచెతో అచ్చుమీదే రంగు అద్దేవాడు. నిలువెత్తు ఫోటో కట్టించి షోకేసులో నట్టనడుమ పెట్టాడు. రోజూ పొద్దున్న షాపు తీయగానే గుడ్డ పెట్టి ఆ ఫోటోలోని ఆవిడ ముఖం తుడిచేది నేనే. కొత్తవాళ్ళు వచ్చి "ఈవిడెవరండీ?" అని నన్నే అడుగుతారు. "మా సవతి" అంటాను. వాళ్ళు నవ్వుతారు, మా ఆయన నవ్వుతాడు, నేనూ నవ్వుతాను. నా నవ్వు మాత్రం పెదవుల దగ్గరే ఆగిపోతుంది.

ఇదంతా ఎందుకంటే, జరిగింది అర్థం కావాలంటే ముందు మా ఆయన చెయ్యి గురించి తెలియాలి. కంప్యూటర్లు వచ్చాక ఆ చెయ్యికి పట్టపగ్గాల్లేవు. మచ్చ పక్కనున్న చర్మం ముక్కని మౌసుతో పట్టుకొచ్చి మచ్చ మీద అతికిస్తాడు. చిటికెలో పని. టీ తాగుతూ, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ కూడా తుడిచేస్తూనే ఉంటాడు.

మా అమ్మాయి హేమశ్రీకి మనుషుల ఫోటోలు పట్టవు. అనకాపల్లిలో డిగ్రీ చదువుతోంది. తండ్రి పక్కన పడేసిన పాత కెమెరా ఒకటి పట్టుకుని మూడేళ్ళుగా కె.కోటపాడు రోడ్డు వెంట చేలగట్ల మీద తిరుగుతోంది. సీతాకోకచిలుకలట. మొదట్లో పసుపువీ నీలంవీ తీస్తుంటే ముచ్చటపడ్డాను. తర్వాత తర్వాత దాని చూపు మట్టిరంగు పురుగుల మీద పడింది. వాటిని సీతాకోకచిలుకలని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. బొటనవేలి గోరంత రెక్కలు, లావుపాటి ఒళ్ళు, ఉబ్బిన కళ్ళు. ఆకు మీద రవ్వంతసేపు కూర్చుంటుంది, చూపు నిలిపేలోపు లేచిపోతుంది.

"వీటిని స్కిప్పర్లంటారమ్మా. మన వరిలో, సెరుకులో ఉండేవి స్విఫ్ట్‌లు" అంది.

"అది కారు పేరు కదే."

"ఈ పేరు పాతదే లేమ్మా" అని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తెర మీద నాలుగు ఫోటోలు పెట్టింది. "ఇందులో ఎన్ని రకాలున్నాయో సెప్పు."

నేను కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. నాలుగూ ఒక్కలాగే రెక్కలు మూసుకుని ఆకుమీద కూర్చున్నాయి. నాలుగూ ఎండు బురద రంగు. "ఒక్కటే" అన్నాను.

"రెండు."

అప్పుడు ఫోటోని పెద్దది చేసింది. ఆ బురద రంగు పోయింది. వెనక రెక్క నిండా నూగు ఉంది, వెలుగు పడినచోట పాత ఇత్తడిలా, లోపలికి వెళ్ళేకొద్దీ లేత ఆకుపచ్చగా. రెక్క నడుమ చిన్న చిన్న తెల్లచుక్కలు ఒంపుగా, వరసలో ఉన్నాయి. ఇన్నాళ్ళూ వీటినేనా నేను చీపురుతో తోలింది అనిపించింది.

"ఈ వరస రెండింటికీ ఉంటాది. ఇప్పుడిక్కడ సూడు" అని రెక్క మొదలు వైపు వేలు పెట్టింది. వరసకి ఎడంగా, ఒంటరిగా, మిగతావాటికంటే మసగ్గా ఒక్క చుక్క. "ఈ ఒంటిచుక్క ఉంటే ఒక జాతి. లేకపోతే ఇంకోటి. గుడ్డు కాణ్ణించీ రెండూ ఏరేరు. ఒకే సేలో పక్కపక్కనే పెరుగుతాయి గానీ ఒకదానితో ఒకటి జతకట్టవు."

"అంత చిన్న చుక్కకే?"

"చుక్క మన కోసం అమ్మా, మనం గుర్తుపట్టడానికి. వాటికి చుక్క అక్కర్లేదు. మనకే ఒక్కలా కనబడతన్నాయి. వాటికి ఎప్పుడూ ఒక్కలా లేవు."

పుట్టిన దగ్గర్నుంచీ ఈ చేల పక్కనే తిరిగాను. ఎన్ని వేలసార్లు నా ముందు నుంచి లేచి ఉంటాయి? రెండు వంశాలు, ఎవరి దారి వాళ్ళది, ఒకరింటి పిల్ల ఇంకొకరింటికి వెళ్ళకుండా, ఎవరూ చెప్పకుండా, మా తాతల తాతల నాటి నుంచీ నడుచుకొస్తున్నాయి. నేను వాటిని పురుగులన్నాను.

హేమశ్రీ తీసినవన్నీ సీతాకోకచిలుకల వాళ్ళ గ్రూపు ఒకటుంటే అందులో పెడుతుంది. పెట్టినవన్నీ పెట్టినట్టు తీసుకోరు. విశాఖపట్నంలో రేవతి గారని ఒకావిడ ఒక్కొక్కటీ చూసి, సరైన పేరు పెట్టిందా లేదా అని తేల్చాకే లెక్కలోకి తీసుకుంటారు. ఆవిడ తాతగారిది కె.కోటపాడే. ఉద్యోగాల కోసం వాళ్ళ నాన్నగారు పట్నంలో స్థిరపడ్డారు. ఈ ఏడాది ఆ గ్రూపు వాళ్ళు చేలల్లో దొరికే సీతాకోకచిలుకల మీద పుస్తకం వేస్తున్నారు. అందులో స్కిప్పర్ల పేజీ హేమశ్రీకి ఇచ్చారు. చుక్క ఉన్నదీ లేనిదీ పక్కపక్కన పెట్టి, కింద మా అమ్మాయి పేరు. ఆ కబురు వచ్చిన రోజు మా ఆయన వీధంతా మిఠాయి పంచాడు.

చుక్క లేనివి బోలెడు తీసింది. చుక్క ఉన్నది పుస్తకానికి సరిపడేలా, సరైన వెలుగులో, దగ్గరగా కావాలి. దాని కోసం పరదేశి అన్నయ్య చేను గట్టు మీద పడిగాపులు పడింది. పరదేశి నాకు వరసకి అన్న, వరీ చెరకూ రెండూ వేస్తాడు. ఒకరోజు పొద్దున్నే మోకాళ్ళదాకా బురదతో పరిగెత్తుకొచ్చి, "దొరికిందమ్మా, చుక్క కళ్ళకి కట్టినట్టుంది" అని కెమెరా వెనకాల తెర నాకు చూపించబోయింది. నా చేతులు పిండిలో ఉన్నాయి. తర్వాత చూస్తాలేవే అన్నాను. దానికి అనకాపల్లిలో పరీక్ష. బస్సు టైమైపోతోంది. ఫోటో కింద రాయాల్సింది గబగబా ఫోన్లో రాసి పంపేసి, కెమెరా కార్డు తండ్రి చేతిలో పెట్టింది.

"నాన్నా, ఇది పెద్ద సైజులో రేవతి గారికి పంపించెయ్యి."

"నువ్వెళ్ళు తల్లీ, నేను సూసుకుంటాను" అన్నాడు మా ఆయన.

చూసుకున్నాడు.

ఫోన్ వచ్చినప్పుడు ముగ్గురం స్టూడియోలోనే ఉన్నాం. హేమశ్రీ అందరికీ వినపడేలా పెట్టింది, మెచ్చుకుంటారని.

"హేమశ్రీ, వెనక రెక్క మొదట్లో ఒంటిచుక్క ఉంది కాబట్టి ఇది ఫలానా జాతి అని రాశావు. ఫోటోలో చుక్క లేదు" అన్నారు రేవతి గారు. గొంతు గట్టిగా లేదు, అందుకే నాకు భయం వేసింది. "లేకపోవడం ఒక్కటే అయితే పొరపాటు అనుకుందును. ఆ చోటు పెద్దది చేసి చూశాను. పక్కనున్న రెక్క నూగు ముక్కే తెచ్చి అక్కడ అతికించి ఉంది. ఎందుకు దిద్దావో నాకు అర్థం కాలేదమ్మా. కానీ దిద్దిన ఫోటో మన దగ్గర ఉండటానికి లేదు. ఒకటి దిద్దినవాళ్ళు మిగతావి దిద్దలేదని నేనెలా నమ్మను?"

హేమశ్రీ ఫోన్ పెట్టేసింది. మెల్లగా తల తిప్పి తండ్రి వైపు చూసింది. నేనూ చూశాను.

"అది... దుమ్ము కాదా?" అన్నాడు మా ఆయన. "లెన్సు మీద దుమ్మనుకున్నాన్రా తల్లీ. మిగతా సుక్కలన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి, అదొక్కటే ఎడంగా ఉంది. పుస్తకంలో పడతాది కదా, నీటుగా ఉండాలని..."

"తుడవనిది ఉంది కదా నాన్నా? కార్డులో?"

లేదు. పెళ్ళిళ్ళ పనిలో అలవాటు, దిద్దిన ఫోటోని పాతదాని మీదే భద్రం చేస్తాడు. కార్డు ఖాళీ చేసి మర్నాడు ఎవరిదో గృహప్రవేశానికి వాడేశాడు.

హేమశ్రీ చాలా నెమ్మదిగా అడిగింది. "ఇదొక్కటేనా నాన్నా? మూడేళ్ళ ఫోటోలూ ఈ కంప్యూటర్లోంచే ఎళ్ళేయి. మిగతావి కూడా తుడిసేవా?"

మా ఆయన మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అన్నీ కాదు. కొన్నింటికి... కొంచెం."

"ఏవి?"

"గుర్తులేదమ్మా."

హేమశ్రీ తెర మీద తన ఫోటోలు వరసగా తెరిచి చూడటం మొదలుపెట్టింది. ఒక్కొక్కదాన్నీ చూస్తుంది, ఇది నేను చూసిందేనా, నాన్న చేసిందా అని ఆలోచిస్తుంది, తేల్చుకోలేక మూసేస్తుంది. ఎండల్లో, వానల్లో, జలగల మధ్య నిలబడి తీసినవి, తనవే, తనకే అనుమానం అయిపోయాయి. కాసేపటికి కంప్యూటరు కట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. నాకు మా ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆయన్ని అక్కడే వదిలేసి దాని వెనకే లోపలికి వెళ్ళిపోయాను.

సాయంత్రం ఆయనే రేవతి గారికి ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పుకున్నాడు. గుంటకేం తెలియదు, తప్పు నాది అన్నాడు. ఆవిడ అంతా విన్నారు.

"మీరు నిజమే చెబుతున్నారేమో గౌరీశంకర్ గారూ. కానీ మీ మాట ఫోటో కాదు కదా. నెలాఖరుకి పుస్తకం అచ్చుకి వెళ్తుంది. ఆలోపు ఆ చేనులోంచే చుక్క ఉన్నది తీసి, కార్డు తీసింది తీసినట్టు నా చేతిలో పెట్టండి. నేనే వచ్చి చూస్తాను. అది కాకపోతే పేజీ ఇంకొకరికి ఇవ్వాల్సిందే. గ్రూపులో కూడా హేమశ్రీ పేరు ఉంచలేను."

మర్నాటి నుంచి తల్లీకూతుళ్ళం ఇద్దరం చేలల్లోనే. నేనెందుకు వెళ్ళానంటే ఇంట్లో మా ఆయన ముఖం చూడలేక. వానలు వెనకబట్టి ఎండ కాస్తోంది. అప్పటిదాకా ఎప్పుడూ కనపడనివి నాకూ కనపడటం మొదలెట్టాయి. వరి ఆకు కొసన ఒకటి, చెరకాకు మీద ఒకటి, చిటుక్కున లేచి ఇంకో ఆకు మీద. ఒకదాన్ని చూసి ఊపిరి బిగబట్టి దగ్గరికి వెళ్తాం, చుక్క ఉండదు. ఇంకోటి రెక్కలు అరిగిపోయి, నూగు రాలిపోయి, ఉన్నదీ లేనిదీ తెలియకుండా ఉంటుంది. చుక్క ఉన్నదని హేమశ్రీ గట్టిగా చెప్పింది ఒక్కటే. కెమెరా ఎత్తేలోపు అది గట్టు దాటిపోయింది.

ఒకరోజు వెళ్ళేసరికి పరదేశి అన్నయ్య వీపుకి మందు ట్యాంకు కట్టుకుంటున్నాడు.

"మావయ్యా, ఏటి కొడతన్నావు?" అని హేమశ్రీ పరిగెత్తింది.

"ఆకులు సుట్టేసుకుంటన్నాయి సూడవే. పురుగు పట్టింది."

చుట్టుకున్న ఆకు ఒకటి తుంచి విప్పి చూపించాడు. లోపల లేతపచ్చ పురుగు, నున్నగా, వరి ఆకు రంగే. విప్పగానే తల అటూ ఇటూ తిప్పి, మళ్ళీ ఆకుని మూసుకోవడానికి ఒక అంచు నుంచి ఇంకో అంచుకి దారం తీయడం మొదలెట్టింది. మేం ముగ్గురం ఉన్నామన్న లెక్కే లేదు దానికి. కుట్టు మీద కుట్టు వేస్తోంది. నేను కన్నార్పకుండా చూస్తూ ఉండిపోయాను.

"మావయ్యా, ఇవే! ఈ పురుగులే అవి అవుతాయి. నీకు దణ్ణం పెడతాను, ఇయ్యన్నీ నేను ఏరుకుపోతాను. ఆ తర్వాత మందు కొట్టుకో."

"పురుగుల్ని పెంచుతావేటే?" అని నా వైపు తిరిగాడు. "సెల్లీ, నీ గుంటకి మతి పోయిందా?"

"పోయింది అన్నయ్యా. నాకూ పోయింది" అన్నాను. ఆయన నవ్వి ట్యాంకు దించి గట్టు మీద కూర్చున్నాడు, మా ఏరుడు అయ్యేదాకా.

స్టూడియో వెనక గది ఖాళీ చేశాం. పూలకుండీల్లో వరి దుబ్బులు పాతి, పాత దోమతెర చుట్టాం. వాటిలో చుక్క ఉండబోయేది ఏదో, లేనిది ఏదో తెలియదు. తల మీది గీతల్ని బట్టి చెప్పొచ్చంటారు గానీ తనకింకా అంత చూపు రాలేదంది హేమశ్రీ. మా ఆయనకి కెమెరా ముట్టుకునే హక్కు పోయింది. అడక్కుండానే ఇంకో పని తీసుకున్నాడు. పొద్దున్నే సైకిలేసుకుని వెళ్ళి మందు కొట్టని చేలోంచి లేత ఆకు తెచ్చి పురుగులకి వేసేవాడు. ఎండిన ఆకు తీసేటప్పుడు ఆ వేళ్ళు ఎంత భయంభయంగా కదిలేవో. హేమశ్రీ ఆయనతో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. ఆయన మాత్రం పురుగులతో మాట్లాడేవాడు. "తిను నాయనా, తిను. సుక్కతో పుట్టు" అనేవాడు.

కొన్ని చచ్చిపోయాయి. కొన్నింటిని లోపల్నుంచి తినేసి ఈగల్లాంటివి బయటికి వచ్చాయి. చివరికి మూడు నిలిచాయి. అవి తిండి మానేసి, ఆకు అడుగున నడుముకి దారం కట్టుకుని, కదలకుండా పచ్చటి మొగ్గల్లా అయిపోయాయి. ప్యూపా అంటుంది మా అమ్మాయి. అంతవరకూ నడిచే కాళ్ళు, నమిలే నోరు, అన్నీ లోపలికి వెళ్ళిపోయాయి. లోపల ఏం జరుగుతోంది? ఎవరు విప్పి ఎవరు కుడుతున్నారు?

మొదటిది విచ్చుకుంది. చుక్క లేదు. రెండోది విచ్చుకుంది. హేమశ్రీ భూతద్దం పెట్టి చూసి, "దీనికీ లేదు" అని కిటికీ తీసి బయటికి వదిలేసింది. నెలాఖరు వచ్చేసింది. మూడో మొగ్గ నల్లబడుతోంది, అంటే తెల్లారితే వచ్చేస్తుందని. హేమశ్రీ రేవతి గారికి ఫోన్ చేసి, "ఉంటాదో లేదో నాకు తెలీదు మేడమ్. లేకపోయినా మీరు సూసే సెప్పండి" అంది. ఆవిడ పొద్దున్న మొదటి బస్సుకే వచ్చారు. నూలు చీర, భుజాన సంచీ, మెడలో తాడుకి కట్టిన భూతద్దం. కాఫీ ఇస్తే గ్లాసు చేతిలో పట్టుకునే వెనక గదిలోకి వచ్చి నేల మీద కూర్చున్నారు.

మొగ్గ తల దగ్గర చిన్న చీలిక పడింది. ముందు కళ్ళు వచ్చాయి, నల్లగా, పెద్దగా. తర్వాత కాళ్ళు, పొరని పట్టుకుని ఈడ్చుకుంటూ. మొత్తం బయటికి వచ్చేసింది. రెక్కలే లేవు. రెక్కలుండాల్సిన చోట తడిసి ముద్దైన గుడ్డపీలికల్లాంటివి వేలాడుతున్నాయి.

"అయ్యో, అవిటిది" అన్నాను.

"కాదండీ, ఉండండి" అన్నారు రేవతి గారు, నా చెయ్యి పట్టుకుని.

అది ఆకు కొస పట్టుకుని వేలాడింది. పొట్ట కదులుతోంది, ఊపిరి తీస్తున్నట్టు. ఆ పీలికలు కదిలాయి. మడతలు ఒక్కొక్కటే, ఎవరో లోపల్నుంచి తడుముతూ విప్పుతున్నట్టు, విచ్చుకోవడం మొదలైంది. అంచు వచ్చింది. నూగు వచ్చింది. ఆ పాత ఇత్తడి మెరుపు కిటికీ వెలుగులో నా కళ్ళముందు పుట్టింది. రేవతి గారి చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది. గదిలో నలుగురం ఉన్నాం, నలుగురి ఊపిరీ ఆ గోరంత రెక్క మీదే ఉంది. నేను గుళ్ళో కూడా అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ నిలబడలేదు.

వెనక రెక్క మీద ముందు వరస తేలింది, ఒంపుగా. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. రెక్క మొదలు దగ్గర మాత్రం ఇంకా మడత ఉంది. హేమశ్రీ పెదవి కొరుక్కుంటోంది. మా ఆయన కళ్ళు మూసేసుకున్నాడు.

మడత విడింది.

ఉంది. వరసకి ఎడంగా, ఒంటరిగా, మసగ్గా. ఏ చేయీ పెట్టనిది, ఏ చేయీ తుడవనిది. చీకటి మొగ్గలో, ముద్దగా నలిగిపోయిన రెక్క మీద, ఎక్కడుండాలో సరిగ్గా అక్కడే. నాకు తెలియకుండానే రెండు చేతులూ జోడించాను. ఎవరికి దణ్ణం పెట్టానో ఇప్పటికీ చెప్పలేను.

"నాన్నా, కళ్ళు తెరు" అంది హేమశ్రీ. కెమెరా ఎత్తింది గానీ తెరలో రెక్క అలికినట్టు కదిలిపోతోంది. ఒకసారి ప్రయత్నించింది, రెండోసారి ప్రయత్నించింది. తర్వాత కెమెరా తండ్రి ముందుకి చాపింది. "నా వల్ల కాటం లేదు. నువ్వు తియ్యి."

మా ఆయన ఆ కెమెరా వైపు చూసిన చూపు నేను మరిచిపోను. మామూలుగా కెమెరా అంటే చెంగున లేచే మనిషి, పసిబిడ్డని అందుకున్నట్టు అందుకున్నాడు. నేల మీద బోర్లా పడుకుని తీశాడు. ఎన్ని పెళ్ళిళ్ళు తీశాడో గానీ, అంత ఒద్దికగా ఆయన ఫోటో తీయడం నేను చూడలేదు.

కార్డు రేవతి గారే తీసి కంప్యూటర్లో పెట్టారు. తెర నిండా రెక్క వచ్చింది. నూగు పోగుపోగుగా లెక్కపెట్టేలా ఉంది. చుక్క ఉంది. దాని కిందుగా, రెక్క అంచున ఎర్రటి మరక కూడా ఉంది. పుట్టేటప్పుడు చిందిన నీరట, ఆరిపోయింది. చూడటానికి ఏమంత బాగోలేదు. మా ఆయన కుడిచెయ్యి దానంతటదే మౌసు మీదికి వెళ్ళింది. నేను చూశాను, హేమశ్రీ చూసింది, రేవతి గారు చూశారు. ఆయనా చూసుకున్నాడు. నాలుక కరుచుకుని, ఆ చెయ్యి తీసి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. మొదట నవ్వింది హేమశ్రీ. ఇన్నాళ్ళకి.

"పేజీ నీదే హేమశ్రీ" అన్నారు రేవతి గారు. "మరకతో సహా వేస్తాను. కానీ పాత ఫోటోలు..."

"తీసెయ్యండి మేడమ్" అంది అది. "అందులో ఏది సూసేనో, ఏది నాన్న సేసేరో నాకే తెలీదు. తెలీనివి ఉంచకూడదు. మళ్ళీ తీసుకుంటాను."

మూడేళ్ళు. ఒక్క మాటతో వదిలేసుకుంది. కన్నదాన్ని నేనే, అయినా ఆ క్షణం దాన్ని చూస్తే నాకు ఎవరో పెద్దావిడని చూసినట్టనిపించింది. రేవతి గారు దాని తలమీద చెయ్యి వేసి, వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి నాతో అన్నారు. "మా తాత సేనులో ఇయ్యి ముఖానికి తగిలేవండీ. దీపం పురుగులనుకునేదాన్ని." పట్నం మాట ఎటు పోయిందో, ఆ ఒక్క వాక్యం కోటపాడు యాసలో వచ్చింది.

సీతాకోకచిలుకని వదిలేసినప్పుడు అది కిటికీ గట్టు మీద కాసేపు ఎండకి కూర్చుంది. తర్వాత లేచి, స్టూడియో బోర్డు మీంచి, ఆటోల మీంచి ఎటో వెళ్ళిపోయింది. దానికి చుక్క ఉందని దానికి తెలియదు.

ఆ తర్వాత ఒక పొద్దున్న గుడ్డ పట్టుకుని షోకేసు దగ్గరికి వెళ్తే నా సవతి లేదు. ఫ్రేము అదే, ఫోటో వేరు. అదే పీట, అదే దండ. రంగులు వెలిసి ఎర్రబారిపోయాయి, అక్కడక్కడా నల్లటి చుక్కలు. మా ఆయన వెనకాల నిలబడి చెవి గోక్కుంటున్నాడు.

"పాత నెగెటివ్ తీసి మళ్ళీ అచ్చు ఏయించేను దుర్గా. నెగెటివ్ మీద నేనెప్పుడూ సెయ్యి పెట్టలేదే. బూజు పట్టింది. ఆ మచ్చలన్నీ బూజువే. ఏదీ తుడవలేదు."

దగ్గరికి వెళ్ళి చూశాను. నా ముఖం మీద కూడా బూజు పడింది. నుదుటి మీద, చెంప మీద, పెదవి చుట్టూ పెసరగింజంతవి నాలుగైదు. నాకే తికమక అనిపించింది. ఇన్నేళ్ళ కసి ఒక్కసారి నోటిదాకా వచ్చింది.

"బాగానే ఉంది. ఇందులో నా మచ్చేదో సెప్పండి సూద్దాం" అన్నాను.

ఆయన ఫోటో వైపు చూడలేదు. నా ముఖం వైపూ చూడలేదు. వీధిలో ఎవరో పలకరిస్తే అటు తిరిగి తలాడిస్తూనే, వేలు చాపి అద్దం మీద పెట్టాడు.

సరిగ్గా దాని మీదే పెట్టాడు. నేను గుడ్డ మడిచి పక్కన పెట్టేశాను. ఆ రోజు అద్దం తుడవలేదు.